మాడు

కల్యాణకట్టలో నా పీట ముందర
పూటకి ఎన్ని తలలు వంగుతాయో లెక్కపెట్టను.
టోకెను, అర బ్లేడు, మగ్గుడు నీళ్లు.
ఏ తలకి సొట్ట యాడుందో, ఏ తలకి రెండు సుడులో
చూడకుండానే నా అరచేతికి తెలుస్తుంది.

తెలియనిది ఒక్క తల.
నేను కన్నది.

వకుళ పుట్టిన రెండోనాడు
కుడిచెయ్యి టపటపా కొట్టుకొనింది, ఆగింది, మళ్లీ కొట్టుకొనింది.
చలికి అన్నారు. మా అత్త దిష్టి తీసింది.
ఆరో నెలలో అన్నిటికీ ఎడంచెయ్యే చాపతా ఉంటే
తాత మాదిరి పుర్రచేతి వాటం అని మురిసినాము.
కుడి పిడికిట్లో బొటనవేలు మూసి పెట్టుకోనుంటే
ఏం దాచినావే దొంగా, అని విప్పి ముద్దుపెట్టుకున్నాను.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన
మోచేయి తడిమి, మణికట్టు తిప్పి
దుడ్లు తీసుకోలా.
"ఎముకలో ఏం లేదమ్మా. పైన చూపించు."
పైన అంటే కొండ అనుకొని
తెల్లారి బిడ్డనెత్తుకొని మెట్లెక్కినాను.

రాయవేలూరులో ఫోటో తీసినారు.
ఎడమపక్క నల్లంగా, నా గోరంత.
పుట్టకముందో, పుడతా పుడతానో
నెత్తురుగడ్డ ఒకటి దారికి అడ్డం పడిందంట.
పక్షవాతం.
మా నాయనకి డెబ్భైలో వచ్చింది
నా బిడ్డకి ముందే వచ్చేసింది.
నేనేం తిన్నాను, ఏం ఎత్తినాను,
ఏ గ్రహణంలో గడప దాటినాను, అని అడిగితే
"నువ్వు చేసిందేమీ లేదమ్మా" అనింది డాక్టరమ్మ.
పదిసార్లు చెప్పించుకున్నాను.
ఇప్పటికీ సగమే నమ్మినాను.

నడుస్తుందా? నడుస్తుంది.
మాట? వస్తుంది.
తక్కినవి?
"పెరిగేకొద్దీ తెలుస్తాయి."

పెరిగేకొద్దీ తెలిసినాయి.
కుడి మడమ నేలకి ఆనకుండా నడిచింది.
మంచిచేతికి సంచి తొడిగి ముడేసి
మొండిచేత్తో బొరుగులు ఏరమంటే ఏడ్చింది.
నేనూ ఏడ్చినాను. సంచి విప్పలా.
మాటకుండే ఇల్లు కూలిపోతే
అది పక్కింట్లో కాపరం పెట్టిందంట,
ఆ ఇంట్లో ముందునించి ఉండే దారులూ లెక్కలూ
మూలకి సర్దుకోవాల్సి వచ్చిందంట.
అందుకే కత చెప్తే వీధివీధంతా నవ్వుతుంది,
బైరాగిపట్టెడ నించి ఇంటికి దారి తప్పుతుంది.
తొమ్మిదో ఏట ఫిట్స్.
ఇంక అయిపోయింది అనుకున్న రోజే.

అంగట్లో ఎడంచేత్తో పదిరూపాయలిస్తే
కుడిచేత్తో ఇవ్వు పాపా, పొద్దున్నే బోణీ, అన్నాడు.
ఇది ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి
వేళ్ల సందున నోటు ఇరికించి
"అది విడవదన్నా, నువ్వే లాక్కో" అనింది.
ఆయన ఆ నోటు చానాసేపు గల్లాలో వెయ్యలేదు.

ఇప్పుడు పంతొమ్మిది. డిగ్రీ రెండో ఏడు.
రాత్రి మాత్ర ఇంకా ఉంది.
సాయంత్రానికి కాలు ఈడుస్తుంది, ఒప్పుకోదు.
జడ మాత్రం నేనే వెయ్యాల.
వేసేటప్పుడు మాడు మీద
నా చెయ్యి రవ్వంతసేపు ఆగుతుంది.
"అమ్మా, నా తల టోకెను లేని తల, తొందరగా కానీ" అంటుంది.

మొన్న బుధవారం ఒక బిడ్డ, తొమ్మిది నెలలు, పుట్టెంట్రుకలు.
ఏడుస్తా ఏడుస్తా కుడిచెయ్యి గాల్లో విసరతా ఉండాడు.
ఎడంచెయ్యి మూసుకోనుంది. బొటనవేలు లోపల.
"వీడు ఆ చేతిలో ఏందో దాచినాడక్కా"
అని నవ్వింది వాళ్లమ్మ.
నా బ్లేడు ఆగింది.
వెనక లైను. మొక్కు తీరే పొద్దు.
మంచి మాట తప్ప ఇంకోటి అనకూడని తావు.

గుండు అయినాక, గంధం పూసినాక,
"తల్లీ, వీడిని పైన చూపించు" అన్నాను.
"పైనే ఉండాం కదక్కా."
నేను ఇంకేం మాట్లాడకుండా
ఆ తడి మాడు మీద అరచెయ్యి పెట్టి
ఆమె నా కళ్లలోకి చూసేదాకా
తియ్యలా.